మా వాడు తలుపేసుకుని చూసే ఆ జపాన్ బొమ్మలేంటండీ?

పాఠకుల ప్రశ్నలు - మా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో మాటవరసకి అనిమే (జపాన్ వాళ్ళు తీసే కదిలే బొమ్మల కథలు) గురించి రెండు ముక్కలు రాస్తే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వరసపెట్టి ఉత్తరాలొచ్చాయి. సగం అమ్మానాన్నలవి, సగం వాళ్ళ పిల్లలవి. అందుకని ఈసారి పేజీ మొత్తం దానికే.

ప్రశ్న: మా వాడు ఇంటర్ సెకండియర్. రాత్రి పదకొండు దాటాక చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని జపాన్ బొమ్మలు చూస్తుంటాడు. మీసాలొచ్చిన గుంటడివి, ఇంకా కార్టూన్లేటిరా అంటే ఇవి కార్టూన్లు కావమ్మా అని నా మీదే లేస్తాడు. సరే అని ఒకరోజు వెనకనుంచి తొంగిచూస్తే, ఓ పెద్ద భూతంలాంటి మనిషి ఇంకో మనిషిని నమిలేస్తున్నాడు. నాకు టెన్షన్ పట్టుకుంది. ఇవి పిల్లలవా, పెద్దవాళ్ళవా? - ఒక అమ్మ, బొబ్బిలి

జవాబు: రెండూనమ్మా, పేచీ అంతా అక్కడే వస్తోంది. బొమ్మ కదిలిందంటే అది పిల్లల సరుకే అని మన లెక్క. జపాన్‌లో ఆ లెక్క లేదు. అక్కడ ప్రేమకథ, కోర్టు కేసు, దెయ్యం, యుద్ధం, వంట, ఆఫీసు రాజకీయం, ఏదైనా బొమ్మల్లో చెప్పేస్తారు. ఆ మాటకొస్తే మీరూ చూసే ఉంటారు. 1993లో దూరదర్శన్‌లో ఆదివారం ఆదివారం మోగ్లీ వచ్చేది చూడండి, ‘జంగిల్ బుక్’, అది తీసింది జపాన్ వాళ్ళే, 1989లో.

ఇక మీ వాడు చూసింది బహుశా ‘అటాక్ ఆన్ టైటాన్’ అయ్యుంటుంది. 2013లో మొదలై పదేళ్ళు నడిచింది. విచిత్రం ఏంటంటే దాని మూలకథ కుర్రాళ్ళ పత్రికలోనే సీరియల్‌గా వచ్చింది. ఈ పత్రికల సంగతి తెలిస్తే మీకు సగం అయోమయం పోతుంది. అనిమేల్లో చాలావాటికి మూలం మాంగా, అంటే బొమ్మల కథలు. అవి వారపత్రికల్లో, మాసపత్రికల్లో వస్తాయి, ఒక్కో పత్రిక ఒక్కో రకం పాఠకుడి కోసం. టీనేజీ అబ్బాయిల పత్రికలో వచ్చేది షోనెన్, అమ్మాయిల పత్రికలోది షోజో, వయసొచ్చిన మగవాళ్ళకి సీనెన్, ఆడవాళ్ళకి జోసీ. ఇవి కథ రకాలు కావు, ఎవరి కోసం రాశారన్నది మాత్రమే చెబుతాయి. ‘షోనెన్ అన్నారు కదా, పిల్లలదే’ అని నిశ్చింతగా ఉండడానికి లేదు. అందులోనూ తలలు తెగుతాయి.

ఇంకో సంగతి చెప్తాను. 1988 ఏప్రిల్ 16న జిబ్లీ స్టూడియో వాళ్ళవి రెండు సినిమాలు ఒకే టికెట్ మీద ఒకదాని వెంట ఒకటి ఆడాయి. ఒకటి ‘మై నైబర్ టొటొరో’, పల్లెటూరికొచ్చిన ఇద్దరు అక్కచెల్లెళ్ళు, వాళ్ళకి కనబడే ఓ బొచ్చు దేవత, పసిపిల్లలు కూడా హాయిగా చూడొచ్చు. రెండోది ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’, 1945లో కోబె నగరం మీద బాంబులు పడ్డాక తల్లి పోయిన అన్నాచెల్లెళ్ళు ఆకలితో ఎలా నీరసించిపోయారో చెబుతుంది, పెద్దవాళ్ళకే గుండె పట్టేస్తుంది. ఒకే స్టూడియో, ఒకే రోజు. ఇప్పుడు చెప్పండి, ఇది పిల్లలదా పెద్దలదా?

మీ వాడిని పేరు అడగండి, ఆ పేరు పక్కన వయసు ఎంతని వేశారో ఆ యాప్‌లోనే ఉంటుంది, చూడండి. రాత్రి పదకొండు దాటాక మేలుకోవడం వేరే గొడవ, దానికి జపాన్ వాళ్ళ పూచీ లేదు.

ప్రశ్న: నేను రిటైరైన డ్రాయింగు మాస్టార్ని. మనవడితో కూర్చుని చూశాను. ఇద్దరు మాట్లాడుకుంటుంటే నోరు తప్ప ఒళ్ళు కదలదు. కళ్ళేమో చెవులదాకా. బద్ధకపు పనికి ఇంత పేరేమిటి? - నరసన్నపేట

జవాబు: మాస్టారూ, మీ కన్ను కరెక్టే, బద్ధకం మాత్రం కాదు, డబ్బుల్లేక. 1963 జనవరి 1న ఒసాము తెజుకా అనే మాంగా రచయిత ‘ఆస్ట్రో బాయ్’ని టీవీలోకి తెచ్చారు, వారానికో అరగంట ఎపిసోడ్. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. పెద్ద సినిమాల వాళ్ళు అందుకు 12 బొమ్మలో, 24 బొమ్మలో గీయించేవారు. వారంవారం టీవీకి అది అయ్యే పనేనా? ఎనిమిదితోనో అంతకన్నా తక్కువతోనో సరిపెట్టారు. మొహం ఒకసారి గీసి పక్కన పెట్టేస్తారు, మూసిన నోరు, సగం తెరిచిన నోరు, పూర్తిగా తెరిచిన నోరు, ఈ మూడే మార్చి మార్చి పెడితే మాట అయిపోతుంది. మనిషి పరిగెడుతుంటే కాళ్ళ కన్నా వెనక సీనరీ ఎక్కువ జరుగుతుంది. ఒకసారి గీసిన ఎగరడం, గుద్దడం దాచిపెట్టి ఇంకో ఎపిసోడ్‌లో మళ్ళీ వాడేస్తారు. తెజుకా ఎపిసోడ్‌ని బాగా తక్కువ ధరకి ఒప్పుకున్నారు, ఆ పొదుపు అలవాటు తర్వాత వచ్చిన వాళ్ళ మెడకీ చుట్టుకుంది. ఇవాళ్టికీ అక్కడ బొమ్మలు గీసే కుర్రాళ్ళకి జీతాలు అంతంతమాత్రమే.

కళ్ళ సంగతి: తెజుకాకి డిస్నీ బొమ్మలంటే పిచ్చి. పైగా ఆయన పెరిగింది తకరజుకా ఊళ్ళో. అక్కడ అన్ని వేషాలూ ఆడవాళ్ళే కట్టే పేరున్న నాటక కంపెనీ ఉంది, కళ్ళకి దట్టంగా మేకప్ వేస్తారు. ఒళ్ళు కదలనప్పుడు బాధైనా కోపమైనా చూపించడానికి మిగిలేది కళ్ళేగా.

కానీ మాస్టారూ, కదిలించాల్సిన చోట వాళ్ళు ఎలా కదిలిస్తారో చూడాలంటే టొటొరోలో బస్టాపు సీను చూడండి. రాత్రి, వాన. అక్క వీపు మీద చెల్లి నిద్రపోతుంటుంది. పక్కన టొటొరో నెత్తిమీద ఓ ఆకు పెట్టుకుని నిలబడతాడు. ఆ పిల్ల గొడుగిస్తే, పైన చెట్టు మీంచి చుక్క దాని మీద పడి టప్‌మంటుంది. వాడికి ఆ చప్పుడు తెగ నచ్చేస్తుంది. ఇంకోటి టప్. ఇక ఆగలేక ఒక్క గెంతు గెంతుతాడు, చెట్టు మీదున్న నీళ్ళన్నీ ఒక్కసారి దబదబా కురుస్తాయి. అంతకుముందు చాలాసేపు తెరమీద ఏమీ జరగదు, వాన తప్ప. ఆ ఊరికే ఉండడం ఈ బొమ్మలకే సొంతం అనిపిస్తుంది నాకు.

ప్రశ్న: అన్నా, మా క్లాసులో అందరూ ‘వన్ పీస్’ అంటున్నారు. నేను ఎక్కడ మొదలెట్టాలి? ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ స్పీడుగా చదవలేను. - డిగ్రీ విద్యార్థి, ఆమదాలవలస

జవాబు: తమ్ముడూ, ‘వన్ పీస్’ జోలికి ఇప్పుడే పోకు. 1999 నుంచి నడుస్తూనే ఉంది, ఎపిసోడ్లు వెయ్యి దాటేశాయి, నీ సెమిస్టర్లు దాటవు. 12 ఎపిసోడ్ల దాంతో మొదలెట్టు, ఒక్కోటి 24 నిమిషాలుంటుంది, అందులో మొదటి పాట, చివరి పాట తీసేస్తే ఇరవయ్యే. తెలుగు కావాలంటే క్రంచీరోల్ అనే అనిమే యాప్‌లో ‘సోలో లెవలింగ్’, ‘జుజుత్సు కైసెన్’ తెలుగులో ఉన్నాయి. 2025 సెప్టెంబర్‌లో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ తెలుగులో థియేటర్లకే వచ్చింది. ఇవన్నీ ఫైట్లే.

ఫైట్లు వద్దంటే ‘బారకామోన్’. కోపంలో ఓ పెద్దమనిషిని కొట్టిన అక్షరాల కళాకారుణ్ణి తండ్రి ఓ దీవిలో పల్లెకి పంపిస్తాడు, అక్కడ పిల్లలు అడగా పెట్టకుండా ఇంట్లోకి వచ్చేస్తుంటారు, అచ్చం మన ఊళ్ళలోలాగే. ఇలా రోజువారీ బతుకు చూపించేవాటిని స్లైస్ ఆఫ్ లైఫ్ అంటారు. బుర్రకి పని కావాలంటే ‘డెత్ నోట్’, 37 ఎపిసోడ్లు, మొదటి సగం అదిరిపోతుంది, తర్వాత కాస్త జారుతుంది. ఒక్కటే పెద్ద కథ మొదలూ చివరా ఉన్నది కావాలంటే ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్: బ్రదర్‌హుడ్’, 64తో అయిపోతుంది, నా ఓటు దీనికే. పెద్ద పెద్ద రోబోల్లో మనుషులు కూర్చుని యుద్ధం చేసేవి మెకా. వాటిలో ‘గుండం’ 1979లో మొదలైంది, రేటింగుల్లేక 43 ఎపిసోడ్లకే ఆపేశారు, తర్వాత దాని బొమ్మల కిట్లు అమ్ముడుపోయి లేచింది. ఇసెకై అని ఇంకో రకం ఉంది, హీరో లారీ కింద పడి చచ్చిపోయి మంత్రాల లోకంలో లేస్తాడు. ఒకటి చూడు చాలు, మిగతావి చాలావరకు అవే.

ప్రశ్న: మా పాప ఏడేళ్ళది. షించాన్ చూసి చుట్టాల ముందు వెనక్కి తిరిగి డాన్సు చేస్తోంది. పరువు పోతోంది. - విజయనగరం

జవాబు: షించాన్ మొదట వచ్చింది పెద్దవాళ్ళ బొమ్మల పత్రికలోనండీ, 1990లో. ఆ వెటకారం అమ్మానాన్నల మీద, వాళ్ళే చదువుకుని నవ్వుకోవడానికి. మన దగ్గరికి వచ్చేసరికి పిల్లల ఛానల్లో పడింది. ఆపలేకపోతే పక్కన కూర్చోండి, లేదా డోరెమాన్‌కి మార్చండి. నోబితాని చూసి హోంవర్క్ ఎగ్గొడితే మళ్ళీ ఉత్తరం రాయండి.

ప్రశ్న: మేం కబడ్డీ ఆడతాం. అన్ని ఆటల మీదా అనిమే ఉందంటారు, మాదుందా? - పాలకొండ

జవాబు: ఉంది! ‘బర్నింగ్ కబడ్డీ’, 2021. ఫుట్‌బాల్‌లో పేరు తెచ్చుకుని ఆటలంటేనే విసుగొచ్చిన కుర్రాణ్ణి స్కూల్లో కబడ్డీ జట్టు వాళ్ళు లాక్కుపోతారు. కబడ్డీ కబడ్డీ అని కూత పెడుతూనే రైడ్‌కి వెళ్తారు. 12 ఎపిసోడ్లే. కూతలో ఊపిరి ఎవరికి ఆగుతుందో మీరు చూసి రాయండి.

ప్రశ్న: రామాయణం కూడా వాళ్ళు తీశారట కదా? - శ్రీకాకుళం

జవాబు: వాళ్ళూ మనవాళ్ళూ కలిసి తీశారు. యుగో సాకో అనే జపాన్ ఆయన పూనుకుంటే మన యానిమేటర్ రామ్ మోహన్ కూడా దర్శకుల్లో ఒకరుగా పనిచేశారు, 1992లో పూర్తయింది. అప్పట్లో మన థియేటర్లకి సరిగ్గా రాలేదు. 2025 జనవరి 24న తెలుగు డబ్బింగుతో సహా విడుదలైంది. లంకలో యుద్ధం ఘట్టం మాత్రం పెద్ద తెర మీదే చూడాలి, ఫోన్లో ఆ సైన్యాలు చీమల్లా కనిపిస్తాయి.