బడికి వచ్చే పత్రికలకు అక్సెషన్ నంబరు వెయ్యాలా?

ప్రశ్న: రాజోలు దగ్గర హైస్కూల్లో లైబ్రరీ పని కొత్తగా నాకు అప్పగించారు. నెలకి ఎనిమిది పత్రికలు వస్తాయి. వీటిని కూడా పుస్తకాల్లాగే అక్సెషన్ రిజిస్టర్లో ఎక్కించాలా? పిల్లలకి ఇంటికిస్తే తిరిగొస్తాయా?

జవాబు: విడి సంచికలకి అక్సెషన్ నంబరు (లైబ్రరీకి చేరిన ప్రతి పుస్తకానికీ రిజిస్టర్లో వేసే వరస నంబరు) వెయ్యకండి టీచరుగారూ. ఆ రిజిస్టర్లోకి ఎక్కిందంటే అది బడి ఆస్తి. రెండేళ్ళకి అట్ట ఊడి, పేజీలు రాలిపోయాక తీసెయ్యాలన్నా హెడ్మాస్టరుగారి సంతకం, కమిటీ తీర్మానం, రైటాఫ్ కాగితం అన్నీ కావాలి. ఈ భయంతోనే చాలా బళ్ళలో పత్రికలు వచ్చినవి వచ్చినట్టే బీరువాలోకి వెళ్ళిపోతాయి. పిల్లల కోసం చందా కట్టి పిల్లలకి అందకుండా తాళం వెయ్యడం తప్పు. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

రిజిస్టరు బదులు పత్రికకి ఒక కార్డు పెట్టండి. అయిదంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు ఉన్న మామూలు లైబ్రరీ కార్డు సరిపోతుంది. పైన పత్రిక పేరు, మాసమా పక్షమా, చందా నంబరు, ఎప్పటినుంచి ఎప్పటివరకు కట్టారో, రసీదు నంబరు, ఆఫీసు ఫోను రాయండి. కింద ఏడాదికి ఒక వరస, నెలకి ఒక గడి. సంచిక రాగానే గడిలో టిక్కు కాకుండా వచ్చిన తేదీ వెయ్యండి, అసలు కిటుకు అక్కడే ఉంది. నాలుగు నెలలు తేదీలు వేస్తే, ఫలానా పత్రిక ప్రతి నెలా ఏడో తారీకు లోపల వస్తుందని తెలిసిపోతుంది. పదిహేనుకి కూడా గడి ఖాళీగా ఉంటే అది తపాలాలో పోయిందన్నమాట. ఆ రోజే ఫోను చెయ్యాలి. మన దేశంలో లైబ్రరీ శాస్త్రానికి ఆద్యుడైన రంగనాథన్ గారి మూడు కార్డుల పద్ధతి వందల పత్రికలొచ్చే లైబ్రరీలకి బాగుంటుంది, మీ ఎనిమిదింటికి ఒక్క కార్డు చాలు. రెండు నెలలకి కలిపి ఉమ్మడి సంచిక వస్తే రెండు గడుల్లోనూ అదే తేదీ వేసి 'ఉమ్మడి' అని రాయండి, లేకపోతే మీ తరవాత వచ్చేవారు రాని సంచిక కోసం ఉత్తరాలు రాస్తూ కూర్చుంటారు.

తేదీ వెయ్యకపోతే ఏమవుతుందో మన వైపు ఒక బళ్ళో జరిగింది. ఆగస్టులో గోదారి పొంగి కాజ్‌వేలు మునిగాయి, లంకల్లోకి టపా వారం పైగా ఆగింది. తరవాత ఒక కట్టగా వచ్చిపడిన పత్రికల్లో ఒక పిల్లల మాసపత్రిక ఆగస్టు సంచిక లేదు. ఆ సంగతి బైండింగుకి ఇవ్వడానికి మార్చిలో సర్దినప్పుడు బయటపడింది. ఆఫీసుకి ఫోను చేస్తే మిగిలిన కాపీలు ఎప్పుడో అమ్మేశామన్నారు. అందులో ధారావాహిక ఒకటి నడుస్తోంది. జులై భాగంలో పిల్లాడు పడవెక్కుతాడు, సెప్టెంబరు భాగంలో వేరే ఊళ్ళో ఉంటాడు. ఆ ఏడు కట్టించిన సంపుటంలో ఆ కథకి నడుము విరిగినట్టయింది. పత్రికలవాళ్ళు సంచికకి కొద్ది కాపీలే అదనంగా వేస్తారు. నెల లోపల అడిగితే పంపుతారు, ఆరు నెలలకి అడిగితే ఉండవు.

చందా ఎప్పుడూ జనవరి నుంచి డిసెంబరుకే కట్టండి. జూన్ నుంచి మే అయితే, గడువు తీరే వేళకి బడికి వేసవి సెలవులు. గుర్తుచేస్తూ వచ్చిన ఉత్తరం గేటు కింద పడుంటుంది. ఏప్రిల్ ఆఖర్లో పోస్టాఫీసులో చెప్పి, సెలవుల్లో వచ్చినవి అక్కడే ఉంచమనండి. మన ఊళ్ళలో అడిగితే కాదనరు.

బడి ముద్ర మూడు చోట్ల వెయ్యండి: విషయసూచిక పేజీ, మీరు ఎంచుకున్న ఒక రహస్య పేజీ (ప్రతి సంచికకీ అదే, పదిహేను అనుకోండి), నడిమి పేజీ. పోయేదెప్పుడూ నడిమి పేజీయే, పోస్టరు ఉండేది అక్కడే కదా. అట్ట మీద బొమ్మ పాడు చెయ్యకండి. నున్నటి కాగితం స్టాంపు సిరాని పీల్చుకోదు, వెంటనే మూస్తే ఎదురు పేజీకి అంటుకుంటుంది. అంచున వేసి, బ్లాటింగ్ కాగితం అద్ది, కాసేపు తెరిచి ఉంచండి.

ఇక చెమ్మ. శ్రావణం, భాద్రపదం ముసుర్లలో మన ఇళ్ళలో అప్పడాలే మెత్తబడిపోతాయి, కాగితం ఎంత? పత్రికకి మొదటి శత్రువు దాని నడుముకున్న ఇనప పిన్నే. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఒక్క వర్షాకాలానికే తుప్పు పట్టి, చుట్టూ కాగితాన్ని తినేసి, నడిమి కాగితం ఊడొస్తుంది. దాచాలనుకున్న పత్రికలకి పిన్ను తీసి దారంతో కుట్టండి, అయిదు నిమిషాల పని. నడిమి పేజీ దగ్గర తెరిచి, మడిచిన పిన్ను కాళ్ళని చాకు మొనతో లేపి, వెనకనుంచి లాగెయ్యండి. పిన్నుల కన్నాలు రెండు ఉన్నాయిగా, వాటి మధ్యన దబ్బనంతో ఇంకొకటి పొడవండి. సూదిని లోపలినుంచి మధ్య కన్నంలోకి దింపి బయటికి లాగి, పై కన్నంలోంచి లోపలికి తెండి. లోపల పొడుగ్గా కిందకి వచ్చి కింది కన్నంలోంచి బయటికి, మళ్ళీ మధ్య కన్నంలోంచి లోపలికి. రెండు కొసలూ ఆ పొడుగు దారానికి అటొకటి ఇటొకటి వచ్చేలా చూసి దాని మీదుగా ముడెయ్యండి. నూలు దారమే వాడండి, నైలాను కాగితాన్ని కోసేస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లలకి ఒకసారి చూపిస్తే మీకన్నా బాగా కుడతారు.

చిరుగులకి సెల్లోటేపు వద్దు. రెండేళ్ళకి పచ్చబడి, జిగురు కారి, పక్క పేజీని పట్టేసుకుంటుంది. పలచటి కాగితం ముక్క, ఉడకేసిన మైదా జిగురు చాలు. పురుగు రాకుండా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలపడం బైండర్లకి అలవాటే, కానీ అది విషం, పిల్లల చేత కలిపించకండి. పచ్చి వేపాకు బీరువాలో పెడితే చెమ్మ మీరే తెచ్చిపెట్టినట్టు, బాగా ఎండినదే పెట్టాలి. కలరా ఉండలు పురుగుని ఆపుతాయి కానీ బూజుని ఆపవు. బూజు రాకుండా చేసేది గాలే. బీరువాని గోడకి నాలుగు వేళ్ళ దూరం జరపండి. పత్రికలు తడిసిపోతే, నున్నటి కాగితమైతే తడిగా ఉన్నప్పుడే పేజీకి పేజీ విడదీసి నీడలో ఫ్యాను కింద ఆరెయ్యాలి. ఎండలో ఆరిస్తే అంటుకుని దిమ్మ అయిపోతాయి, ఆ తరవాత విడదీయడం ఎవరి తరమూ కాదు.

పిల్లలకి ఇవ్వడం గురించి. కొత్త సంచిక, తరవాతిది వచ్చేదాకా బల్ల మీదే. తరవాతిది రాగానే పాతది ఇంటికి. ఒకరికి ఒకటి, మూడు రోజులు. పుస్తకానికిచ్చినట్టు పదిహేను రోజులిస్తే ఏడాదంతా కొద్దిమందే చదవగలుగుతారు. అక్సెషన్ నంబరు లేదు కాబట్టి చిన్న గుర్తు పెట్టుకోండి: పిల్లల సైన్సు పత్రిక చెకుముకి 2024 ఆగస్టు సంచికైతే 'చె 24/8'. ఇచ్చే పుస్తకంలో తేదీ, తరగతి, పేరు, ఈ గుర్తు, తిరిగిచ్చినప్పుడు సంతకం. తీసుకునేటప్పుడు పిల్లాడి ముందే నడిమి పేజీ తిప్పి చూడండి. తిరిగొస్తాయా అంటే, వస్తాయి. ఒకటీ అరా పోతే పోనివ్వండి, జరిమానా వెయ్యకండి. జరిమానా వేసిన బళ్ళో పిల్లలు పత్రిక తీసుకోవడమే మానేస్తారు.

బైండు చేయించేటప్పుడు ఆరు సంచికల చొప్పున కట్టించండి, పన్నెండైతే ఆరో తరగతి పిల్లలు మొయ్యలేరు. సంపుటి ఎప్పుడూ జనవరితోనే మొదలవదు, అట్ట మీద సంపుటి, సంచిక నంబర్లు చూసి కట్టండి. అట్టలు పారెయ్యొద్దని, అంచులు ఎక్కువ కొయ్యొద్దని బైండరుకి కాగితం మీద రాసివ్వండి. నోటితో చెబితే తల ఊపి, మళ్ళీ కోసేస్తారు. కట్టి వచ్చిన సంపుటానికి అప్పుడు వెయ్యండి అక్సెషన్ నంబరు. విషయాన్ని బట్టి నంబరు వేసే డ్యూయీ పద్ధతి ప్రకారం సైన్సు పత్రికైతే 505, అన్నీ కలిసినదైతే 050. చందమామలాంటి ఆగిపోయిన పత్రికల పాత సంచికలు మీ బీరువాలో ఉంటే, ఎంత చిరిగినా పారెయ్యకండి.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి, నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. పత్రిక పేరుతో ఎంత చక్కగా కార్డు రాసినా, అందులో ఏముందో ఆ కార్డు చెప్పదు. టీచరు కోరింగ మడ అడవుల మీద ప్రాజెక్టు ఇస్తే పిల్లలు నెట్ సెంటరుకి పరిగెడతారు. అదే విషయం మీద రంగుల బొమ్మలతో వ్యాసం బీరువాలోనే ఉండొచ్చు, ఉందని ఎవరికీ తెలియదు. అందుకని సంచిక రాగానే విషయసూచిక చూసి, పనికొచ్చే రెండు మూడు వ్యాసాలకి చీటీలు రాయండి. పైన విషయం, కింద వ్యాసం పేరు, 'చె 24/8', పేజీ. విషయాల పేర్లు పిల్లలు వెతికే మాటల్లోనే ఉండాలి: మడ అడవులు, తుఫాను, వరి, కొబ్బరి, రొయ్యలు, ధవళేశ్వరం ఆనకట్ట. 'పర్యావరణం' అని రాస్తే ఆ ఒక్క చీటీ కిందే అరవై చేరతాయి, ఏదీ దొరకదు. ఖాళీ చెప్పుల పెట్టెలో అకారాది క్రమంలో నిలబెట్టి, బల్ల మీద పిల్లల చేతికి అందేలా ఉంచండి. నెలకి ఎనిమిది పత్రికలకి పాతిక చీటీలు దాటవు, ఒక్క లైబ్రరీ పీరియడు పని. ముందు ఈ నెల వచ్చినవాటితోనే మొదలెట్టండి, పాతవాటి సంగతి వేసవిలో చూసుకోవచ్చు.