కొత్త గుండెకు ఆ మాత్ర ఎందుకు?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది విశాఖ, గాజువాక. మా ఆయనకు 46 ఏళ్లు. గుండె కండరం బలహీనపడి పంపింగ్ బాగా తగ్గిపోయిందంటే మూడు నెలల కిందట చెన్నైలో గుండె మార్పిడి చేయించాం. ఊపిరితిత్తుల్లో బీపీ ఎక్కువగా ఉందని ముందే చెప్పారు. ఆపరేషన్ తర్వాత ఐసీయూలో వెంటిలేటర్ ద్వారా ఏదో గ్యాస్ కూడా ఇచ్చారు. ఇప్పుడు సిల్డెనాఫిల్ 20 రోజుకు మూడుసార్లు వేసుకోమన్నారు. మందుల షాపు కుర్రాడు చీటీ చూసి పక్కవాడి వైపు తిరిగి నవ్వాడు, నాకు తల కొట్టేసినట్టయింది. మా మరిది నెట్‌లో చూసి "గుండె జబ్బు వాళ్లకు ఇది ప్రమాదం, ఆపేయండి వదినా" అంటున్నాడు. గుండె కొత్తది పెట్టాక ఇంకా ఈ బీపీ ఎందుకుంటుంది? మాత్ర ఆపేయొచ్చా?
— ఒక సోదరి

జవాబు: మీ అంతట మీరు ఆపకండమ్మా. ముందు ఆ మాట చెప్పేసి, తర్వాత ఎందుకో చెబుతాను.

గుండె ఎడమ భాగం ఏళ్ల తరబడి సరిగ్గా పంప్ చేయకపోతే రక్తం వెనక్కి, అంటే ఊపిరితిత్తుల్లోకి ఎగదన్నుతుంది. ఆ ఒత్తిడికి అక్కడి రక్తనాళాలు బిగుసుకుపోతాయి, కొన్నాళ్లకు వాటి గోడలే మందమవుతాయి. గుండె మార్చగానే వెనక్కి తన్నే ఒత్తిడి తగ్గిపోతుంది గానీ బిగుసుకున్న నాళాలు వదులవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. గుండె కొత్తదే, ఊపిరితిత్తులు మాత్రం మీ ఆయనవే కదా.

ఇక్కడ ఇబ్బందల్లా కొత్త గుండె కుడి గదితోనే. మామూలు మనిషిలో ఊపిరితిత్తుల్లో సగటు ప్రెషర్ 14 మిల్లీమీటర్లు ఉంటుంది, 20 దాటితే ఎక్కువ అంటాం. దాత గుండె ఆ 14కే అలవాటు పడింది, దాని కుడి గది గోడ పల్చన, పైగా గంటల తరబడి ఐస్‌లో ఉండి వచ్చింది. మొదటి అంతస్తుకు నీళ్లెక్కించే మోటారును తెచ్చి అయిదో అంతస్తుకు ఎక్కించమన్నట్టే. మార్పిడి తర్వాత తొలి రోజుల్లో ప్రాణం మీదికి తెచ్చే వాటిలో ఈ కుడి గది చేతులెత్తేయడం ముఖ్యమైనది, అందుకే డాక్టర్లు దీని గురించి అంత పట్టుబడతారు.

మీరు చెప్పిన ఆ గ్యాస్ నైట్రిక్ ఆక్సైడ్ అయి ఉంటుంది. సెలైన్‌లో ఎక్కించే మందులు ఊపిరితిత్తుల నాళాలతో పాటు ఒళ్లంతా నాళాలను వదులు చేస్తాయి, దాంతో బీపీ పడిపోతుంది. పీల్చే గ్యాస్‌తో ఆ బాధ లేదు, ఊపిరితిత్తుల్లో పని చేసి రక్తంలోకి వెళ్లగానే హిమోగ్లోబిన్‌కు అతుక్కుని పనికిరాకుండా పోతుంది. కానీ ఒక్కసారిగా ఆపితే ప్రెషర్ మళ్లీ ఎగబాకుతుంది, అందుకని మెల్లగా తగ్గిస్తూ సిల్డెనాఫిల్ మొదలుపెడతారు. రెండూ ఒకే దారిలో పనిచేస్తాయి: నైట్రిక్ ఆక్సైడ్ నాళాన్ని వదులు చేసే పదార్థాన్ని పుట్టిస్తే, ఆ పదార్థం తొందరగా విరిగిపోకుండా సిల్డెనాఫిల్ కాపాడుతుంది.

ఆ కుర్రాడి నవ్వు గురించి బాధపడకండి. ఈ మందును మొదట పరీక్షించిందే గుండె నొప్పి కోసం. 1998లో వయాగ్రా పేరుతో మగవారి అంగస్తంభన సమస్యకు అనుమతి వచ్చింది, 2005లో ఊపిరితిత్తుల బీపీలో ఒక రకానికి 20 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు వాడేలా అనుమతించారు. మార్పిడి తర్వాత వాడటం మాత్రం చిన్న అధ్యయనాలు, డాక్టర్ల అనుభవం మీద నడుస్తోంది, కాబట్టి ఎన్నాళ్లన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. మెడ దగ్గర రక్తనాళంలోంచి వెళ్లి గుండె నుంచి చిన్న ముక్క (బయాప్సీ) తీసినప్పుడు చాలా చోట్ల ఈ ప్రెషర్లు కూడా చూస్తారు, ఈసారి వెళ్లినప్పుడు ఆ అంకె ఎంతో అడిగి రాసుకోండి. మాత్ర తగ్గించేది, ఆపేది దాన్నీ ఎకో అనే గుండె స్కాన్‌నూ చూసే. ఇంకో మాట, షాపులో 20 లేదని 50 ఇస్తే తీసుకోవద్దు, స్ట్రిప్ మీద అంకె చూసుకోండి.

మీ మరిది మాటలో నిజం కూడా ఉంది. సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మాత్రలతో సిల్డెనాఫిల్ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. పాత గుండె జబ్బు రోజుల్లో పర్సులో, దిండు కింద పెట్టుకున్న సార్బిట్రేట్ ఇంకా ఉంటే ఈరోజే తీసేయండి, నొప్పి అనగానే నాలుక కింద పెట్టే పెద్దవాళ్లకు కూడా చెప్పండి. మార్పిడి చేసిన గుండెకు నరాలు తెగిపోయి ఉంటాయి కాబట్టి అసలు నొప్పి సరిగ్గా తెలియకపోవచ్చు కూడా. ఊరికే కూర్చున్నా నాడి 90, 100 ఉండటం కూడా అందుకే, దానికి టెన్షన్ పడొద్దు. వేరే డాక్టరు ఫంగస్ మందు గానీ క్లారిత్రోమైసిన్ గానీ రాస్తే వేసే ముందు చెన్నై డాక్టర్లకు ఫోన్ చేయండి, అవి సిల్డెనాఫిల్‌నూ, కొత్త గుండెను ఒళ్లు తిప్పికొట్టకుండా వాడే టాక్రోలిమస్‌నూ రెండింటినీ రక్తంలో పెంచేస్తాయి.

తలనొప్పి, ముఖం వేడెక్కడం, ముక్కు దిబ్బడ మామూలే. కాళ్లు, పొట్ట ఉబ్బడం, రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరగడం, మూత్రం తగ్గడం, నాలుగు మెట్లకే ఆయాసం — ఇవి కుడి గది అలసిపోతోందనడానికి గుర్తులు, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. చూపు గానీ వినికిడి గానీ ఉన్నట్టుండి తగ్గితే తర్వాతి మాత్ర వేయకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: మా నాన్నగారికి 58. గుండె మార్పిడికి పరీక్షలు చేస్తున్నారు. ఊపిరితిత్తుల నిరోధం 5.5 వచ్చింది, మందు ఇచ్చి మళ్లీ చూస్తామన్నారు. ఇక అవకాశం లేనట్టేనా?
— మధురవాడ పాఠకుడు

జవాబు: లేనట్టు కాదు బాబూ. నిరోధం అంటే ఊపిరితిత్తుల నాళాల్లో రక్తం పారడానికి ఎదురయ్యే అడ్డు. ఆ 5.5 వుడ్ యూనిట్లలో దాని కొలత, 5 దాటితే మార్పిడికి వెనకాడతారు. అయితే అది నాళాలు బిగుసుకోవడం వల్లనా, గోడలు శాశ్వతంగా మందమవడం వల్లనా అన్నది తేలాలి. అందుకే కాథెటర్ (ప్రెషర్ కొలిచే సన్నని గొట్టం) లోపలుండగానే నాళాలను వదులు చేసే నైట్రోప్రుసైడ్, మిల్రినోన్, నైట్రిక్ ఆక్సైడ్ లాంటివి ఇచ్చి చూస్తారు. 2.5 కిందికి దిగి, పై బీపీ 85 కంటే పడిపోకుండా ఉంటే మంచి కబురే. అప్పటికప్పుడు దిగకపోయినా రెండు రోజులు అడ్మిట్ చేసి మందులు ఎక్కించి మళ్లీ కొలుస్తారు. అప్పటికీ దిగకపోతే గుండె ఎడమ గదికి సాయపడే ఎల్‌వ్యాడ్ అనే పంపు అమర్చి కొన్ని నెలల తర్వాత చూసే దారి ఉంది, కాకపోతే దాని ఖర్చు చాలా లక్షలు. పరీక్ష అయ్యాక మందుకు ముందు, తర్వాత అంకెలు రెండూ ఉన్న రిపోర్టు అడిగి తీసుకోండి, ఇంకో సెంటర్‌లో చూపించాలంటే ముందు అడిగేది దాన్నే.