ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు ఏం తెలుస్తుంటుంది?

మీ నాన్నగారు హైదరాబాద్‌లో ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నారని, మనుషుల్ని సరిగ్గా గుర్తుపట్టడం లేదని, ఆయనకు ఏమనిపిస్తుంటుందని అడిగారు.

వెంటిలేటర్ అంటే ఊపిరి అందించే యంత్రం. నోట్లోంచి వేసే దాని గొట్టం స్వరతంతువుల మధ్య నుంచి వెళ్తుంది కాబట్టి మాట రాదు. విపరీతమైన దాహం. కఫం లాగినప్పుడు ఊపిరాడనట్టు ఉంటుంది. మత్తులో ఉన్నా మాటలు వినబడుతుండవచ్చు, దయచేసి మంచం పక్కన బిల్లుల గురించి మాట్లాడకండి.

అన్నిటికన్నా కష్టం డెలీరియం, అంటే జబ్బులో ఉన్నట్టుండి వచ్చే మతి గందరగోళం. ఇన్ఫెక్షన్, మందులు, నిద్రలేమి, ఆగని అలారాలు, రాత్రీ పగలూ ఒకటే లైటు కలిసి మెదడును తికమక పెడతాయి. గోడ మీద పురుగులు పాకుతున్నట్టు, నర్సులు చంపడానికి వస్తున్నట్టు కనిపించవచ్చు. గొట్టాలు లాగేయకుండా చేతులు కట్టేస్తే ఎవరో బంధించారనే అనుకుంటారు. ఆ భయం ఆయనకు పూర్తిగా నిజం, వాదించకండి. ఇది పిచ్చి కాదు, చాలామందిలో తగ్గిపోతుంది. కొందరికి ఇంటికొచ్చాక కూడా పీడకలలు, మతిమరుపు కొన్ని నెలలు ఉంటాయి.

హైదరాబాద్‌లో కొన్ని ఐసీయూల్లో సిబ్బంది మాటల్లో హిందీ, మలయాళం వినబడుతుంటాయి, అది కూడా అయోమయంగా ఉండొచ్చు. లోపలికి పంపే ఆ కాసేపట్లో చెయ్యి పట్టుకుని, "నాన్నా, నేను వచ్చాను. ఇది ఆసుపత్రి, ఇవాళ మంగళవారం, పొద్దున్న" అని తెలుగులో నిదానంగా చెప్పండి. కళ్లజోడు, వినికిడి మిషన్ ఉంటే నర్సుకు ఇచ్చి పెట్టించండి.