ముఖానికి రెండు నరాలు: ఒక కొత్త రచయిత్రికి లేఖ

అమ్మాయీ,

నీ కథ అందింది. మూడో పేజీ దగ్గర ఆగిపోయి, పెన్ను తీసుకుని పక్కన రాయడం మొదలుపెట్టాను. చోటు చాలలేదు. అందుకే ఈ ఉత్తరం. పెళ్లి ఫొటోలో నీ కథానాయిక కుడి చెంప మాత్రమే కెమెరాకు కనపడేలా నిలబడిన వాక్యం బాగుంది. ఆ ఒక్క వాక్యం చూసే నీకు ఇంత రాయాలనిపించింది.

ఇక అసలు సంగతి. పొద్దున్నే లేచేసరికి ఆవిడ ముఖం ఎడమవైపు పడిపోయింది, డాక్టరు బెల్స్ పాల్సీ అన్నాడు అని రాశావు. అంతవరకూ సరే. వెంటనే ‘ఎడమ చెంప మీద కన్నీరు జారుతున్నా ఆమెకు తెలియలేదు’ అన్నావు. తర్వాతి పేజీలో అదే చెంపలో కరెంటు షాకు కొట్టినట్టు నొప్పి. చివర్లో భర్త తప్పయిపోయిందనగానే ముఖం మామూలైపోయింది. ఈ మూడింట్లో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ కన్నీటి వాక్యమే. ఎందుకంటే ఆ కన్నీరు ఆవిడకు తెలుస్తుంది. ప్రతి చుక్కా తెలుస్తుంది.

ముఖంలో స్పర్శ, నొప్పి, వేడి, చల్లదనం మెదడుకు చేరవేసేది అయిదో కపాల నాడి (మెదడు నుంచి నేరుగా బయల్దేరే నరాల్లో అయిదోది), ట్రైజెమినల్. ముఖాన్ని కదిలించేది ఏడోది, ఫేషియల్. రెండూ వేర్వేరు నరాలు, వేర్వేరు దారులు. అయిదోది కపాల నాడుల్లోకెల్లా లావైంది. చెవికి ముందు, పుర్రె లోపల ఒక ముడి వేసుకుని అక్కడి నుంచి మూడు పాయలవుతుంది. పై పాయ నుదురు, కన్ను, ముక్కు దూలం చూసుకుంటుంది. నడిమిది చెంప, పై పెదవి, పై పళ్లు. కింది పాయ కింది పెదవి, గడ్డం, కింది పళ్లు, నాలుక ముందు భాగం. ఈ కింది పాయలోనే నమిలే కండరాలను నడిపే పోగులు కూడా ఉంటాయి. దవడ మూల దగ్గర చర్మం మాత్రం దీనిది కాదు, మెడ నరాలది.

ఏడోది చెవి లోపలి నుంచి ఎముకలో ఒక సన్నని సొరంగంలో వంకరలు తిరుగుతూ వస్తుంది. ఒకచోట ఆ సొరంగం వెడల్పు మిల్లీమీటరు కూడా ఉండదు. నరం వాచిందంటే ఉబ్బడానికి జాగా లేక అక్కడే నలిగిపోతుంది. బెల్స్ పాల్సీ అంటే అదే. కారణం చాలామందిలో తేలదు, హెర్పిస్ వైరస్ మీద అనుమానం ఉంది. సొరంగం దాటి చెవి కింద బయటికొచ్చి, లాలాజల గ్రంథిలో దూరి అయిదు కొమ్మలవుతుంది. నీ అరచేతి మడమ చెవి కింద ఆనించి, వేళ్లు విడదీసి ముఖం మీద పెట్టుకో. బొటనవేలు కణత మీదికి, తర్వాతి వేళ్లు చెంప ఎముక మీదికి, బుగ్గ మీదికి, దవడ అంచుకి, చిటికెన వేలు మెడ మీదికి. అనాటమీ చెప్పుకుని బతికిన దాన్ని, పిల్లలకు ఏటా ఇలాగే చూపించేదాన్ని. శవం మీద ఈ కొమ్మల్ని బయటికి తీయడం చాలా ఓపికతో కూడిన పని. గ్రంథి జున్నులా ముక్కలు ముక్కలుగా ఊడివస్తుంది. ఫోర్సెప్స్‌తో కొంచెం కొంచెం తీస్తూ పోతే మధ్యలో తెల్లగా, దారమంత సన్నగా కొమ్మ కనబడుతుంది. తొందరపడి లాగితే తెగిపోతుంది. ఒక మనిషి జీవితమంతా నవ్విన నవ్వు ఆ దారం మీద నడిచింది. అది చూశాక నేను ఏ పాత్ర ముఖాన్నీ తేలిగ్గా రాయలేకపోయాను.

నా విద్యార్థి రోజుల్లో న్యూరాలజీ వార్డులో మా ప్రొఫెసరుగారు చేసి చూపించిన పరీక్ష ఒకటి చెబుతాను. ఎడమ ముఖం పడిపోయిన మనిషి. దూది కొసను సన్నగా పేని, పక్కనుంచి తెచ్చి, ఎడమ కంటి నల్లగుడ్డు మీద ఆనించారు. ఎడమ రెప్ప కదల్లేదు. కుడి కన్ను మాత్రం ఠక్కున మూసుకుంది. తాకింది ఎడమ కంటిని, మూసుకున్నది కుడి కన్ను! తాకిన సంగతి అయిదో నరం క్షేమంగా మోసుకుపోయింది. రెండు కళ్లూ మూయమని మెదడు రెండు పక్కల ఏడో నరాలకూ చెప్పింది. కుడిది విన్నది. ఎడమదానికి విన్నా చేసే శక్తి లేదు.

నీ కథానాయిక ఉన్నది సరిగ్గా అక్కడే. కింది రెప్ప సడలి బయటికి వాలిపోతుంది కాబట్టి ఏడవకపోయినా నీళ్లు పొంగి చెంప మీదికి జారుతుంటాయి. జారుతున్నది ఆవిడకు తెలుస్తూనే ఉంటుంది, రెప్ప మాత్రం వెయ్యలేకపోతుంది. అత్తగారు చూసి ‘ఎందుకమ్మా ఏడుస్తున్నావు’ అంటే ఏడవడం లేదని చెప్పాలి. చెప్పబోతే ‘ప’, ‘బ’ పలకడానికి పెదవులు కలవవు. నువ్వు స్పర్శ తీసేసి ఆవిడ కష్టాన్ని తగ్గించావు. కష్టం తగ్గించడమంటే కథ తగ్గించడమే.

ఇంకొకటి. ఈ జబ్బు వచ్చినవాళ్లలో చాలామంది ‘మొద్దుబారింది’ అనే చెబుతారు. బరువుగా ఉందనీ, తిమ్మిరెక్కినట్టుందనీ అంటారు. కాబట్టి ఆ మాట ఆవిడ నోట పెట్టు, ఏ అభ్యంతరమూ లేదు. కథ చెప్పే గొంతుతో మాత్రం అనిపించకు. పాత్రకు తోచింది పాత్ర చెప్పవచ్చు, రచయితకు మాత్రం లోపల జరిగింది తెలిసి ఉండాలి. దీనికి సరిగ్గా తిరగబడిన అనుభవం కావాలంటే, కింది పన్ను పీకేముందు డెంటిస్టు మత్తు సూది వేశాక అద్దంలో చూసుకో. పెదవి బండరాయి అయిపోయినట్టుంటుంది, అద్దంలో మాత్రం చక్కగా కదులుతూ ఉంటుంది. అక్కడ పడుకున్నది అయిదోది. ఏడోది తన పని చేసుకుపోతోంది.

నువ్వు రెంటినీ కలిపేశావని చిన్నబుచ్చుకోకు. లోకం కూడా ఒకప్పుడు కలిపేసింది. ఈ జబ్బుకు ఎవరి పేరుందో ఆ సర్జన్ చార్లెస్ బెల్ 1821లో లండన్ రాయల్ సొసైటీకి ఈ నరాల గురించి వ్యాసం సమర్పించాడు. గాడిద ముఖంలో అయిదో నరం కొమ్మ ఒకటి కోస్తే అది గింజల్ని పెదవులతో అందుకోలేకపోయింది. కదలిక పోయిందనుకున్నాడు బెల్. మరుసటి ఏడాది హెర్బర్ట్ మేయో అనే ఇంకో అనాటమిస్టు, పోయింది కదలిక కాదు, స్పర్శ అని చూపించాడు. గింజ పెదవికి తగిలినట్టు తెలియకపోతే గాడిద ఎలా అందుకుంటుంది? ఇది తేలకముందు ముఖం నొప్పికి ఏడో నరాన్ని కోసిన సర్జన్లున్నారు. నొప్పి పోలేదు, ముఖం పడిపోయింది. అక్కడ కత్తి చేసిన పని ఇక్కడ కలం చెయ్యకూడదనే నా పట్టుదల.

కరెంటు షాకు నొప్పి వేరే మనిషి జబ్బు. అది అయిదో నరానిది. చాలామందిలో మెదడు దగ్గర ఒక రక్తనాళం ఆ నరం మొదట్లో ఒరుసుకుంటుంటుంది. గడ్డం గీసుకున్నా, పళ్లు తోముకున్నా, ముఖం మీద గాలి వీచినా మెరుపులా పొడుస్తుంది, కొన్ని సెకన్లలో ఆగిపోతుంది. పంటి నొప్పి అనుకుని మంచి పళ్లు పీకించుకుని వచ్చినవాళ్లను చూశాను. కార్బమజెపిన్ బిళ్లతో సర్దుకున్నవాళ్లనూ చూశాను. దానికి వేరే కథ రాయి. నీ కథానాయికకు నొప్పి కావాలంటే చెవి వెనక పెట్టు. బెల్స్ పాల్సీలో అక్కడ నొప్పి రావడం మామూలే.

ఇక్కడ నా పాత గాయం ఒకటి చెప్పాలి. నేను రాయడం మొదలుపెట్టిన కొత్తలో, పిల్లలు పడుకున్నాక వంటింట్లో కూర్చుని రాసిన కథ ఒకటి పెద్ద వారపత్రికలో వచ్చింది. అందులో ఒక గుమాస్తాకు ఎడమ ముఖం పడిపోతుంది, మూతి కుడివైపుకి లాక్కుపోతుంది. జరిగేది అదే. పడిపోయిన పక్కకు లాగే బలం ఉండదు, బాగున్న పక్క కండరాలే మూతిని తమవైపు లాక్కుంటాయి. సంపాదకుడు దాన్ని ‘ఎడమవైపుకి’ అని దిద్దాడు. నన్ను అడగలేదు. నుదురు గురించి రాసిన రెండు వాక్యాలు డాక్టరీ గోల అని కొట్టేశాడు. ఆ రెండు వాక్యాల మీదే కథ నిలబడింది! ఉత్తరం రాస్తే జవాబు లేదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు, పోవాలని కూడా నేను అనుకోవడం లేదు.

ఆ నుదురు సంగతి నీ కథకూ కావాలి. నుదుటి కండరాలకు మెదడు రెండు పక్కల నుంచీ ఆజ్ఞలు వస్తాయి. అందుకే మెదడులో స్ట్రోక్ వచ్చి మూతి వంకరపోయినవాళ్లు చాలామంది నుదురు ముడత వెయ్యగలరు. నరమే నలిగిన బెల్స్ పాల్సీలో ఆ పక్క నుదురు నున్నగా ఉండిపోతుంది. నీ కథలో డాక్టరు వచ్చేముందు ఇంటిల్లిపాదీ పక్షవాతమని వణికిపోతున్నారు. డాక్టరు ‘పైకి చూడమ్మా’ అంటాడు. కుడి నుదుటి మీద ముడతలు పడతాయి, ఎడమ నుదురు కదలదు. ఆయన ముఖంలో టెన్షన్ తగ్గుతుంది. ఎందుకు తగ్గిందో ఇంట్లోవాళ్లకు అర్థంకాదు. నువ్వు మాత్రం ఆవిడ కోపంతో నుదురంతా ముడిచిందని రాశావు.

తిండి దగ్గర కూడా నువ్వు ఖాళీ వదిలేశావు. ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకుంటే కారం మంట అయిదో నరానిది. మిరపకాయలో ఉండే క్యాప్సైసిన్‌ను పట్టుకునే, వేడిని కూడా పసిగట్టే గ్రాహకాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. పులుపు, ఉప్పు మాత్రం నాలుక ముందు భాగం నుంచి ఏడో నరం కొమ్మ ఒకటి మోస్తుంది. అది చెవి లోపల కర్ణభేరి పక్కనుంచి పోతుంది. నరం ఆ పైన నలిగితే ఆవిడ నాలుక ఎడమ పక్కన మంట మండుతుంది, మామిడి పులుపు తగలదు. మెతుకులు చెంపకూ పంటికీ మధ్య ఇరుక్కుంటాయి, నమలడానికి మాత్రం అడ్డం లేదు. చెవిలో ఒక చిన్న కండరం కూడా ఏడోదాని అధీనంలోదే. అది పడిపోతే గిన్నె కిందపడ్డ మోత ఆ చెవికి భరించరానిదవుతుంది. అన్నం ముందు కూర్చోబెట్టి ఈ దృశ్యం రాయి. ఎవ్వరూ ఏమీ అనక్కర్లేదు.

ఈ మధ్య పాత్ర ముఖం వర్ణిస్తే పాతచింతకాయ పచ్చడి అంటున్నారు. అంతా మనసులోని గొణుగుడే రాయమని వర్క్‌షాపుల్లో చెబుతున్నారట. నేను ఒప్పుకోను. పళ్లు బిగించి దుఃఖం ఆపుకున్నదంటే అది అయిదో నరం పని, చెంప మూల కండ గట్టిపడుతుంది. మూతి ముడిచినా, కనుబొమలు ముడిపడినా, ముక్కుపుటాలు అదిరినా ఏడోది. పై రెప్ప ఎత్తడం మూడోది. అందుకే నీ కథానాయిక ఎడమ కన్ను తెరుచుకునే ఉంటుంది, మూసుకోదు. ముఖం ఎర్రబడటం ఈ నరాలు వేటిదీ కాదు, రక్తనాళాలను నడిపే వేరే నాడీ వ్యవస్థది. ఒక వ్యక్తి ముఖం రాసే ప్రతిసారీ ఏ నరం అని అడుగు. కూచిపూడి నేర్చుకునే పిల్ల ఒక్క కనుబొమ లేపడానికి ఎంత సాధన చేస్తుందో చూడు. రాసేవాళ్లకు ఆ మాత్రం సాధన ఉండాలి.

పుస్తకం సొంతంగా వేసుకోవాలా అని అడిగావు, ఆ మాట తర్వాత. ముందు ముగింపు మార్చు. చికిత్స లేకపోయినా పదిమందిలో ఏడుగురికి పూర్తిగా నయమయ్యే జబ్బు ఇది, కానీ వారాలు, నెలలు పడుతుంది. మొదటి 72 గంటల్లో స్టెరాయిడ్ మొదలుపెడితే ఇంకా మేలు. నీ అత్తగారి పాత్ర పసరు మందు కోసం తిప్పిన రోజుల్లో పోయినవి ఆ గంటలే. అది నువ్వు గమనించకుండానే రాశావు, దాన్ని బయటికి తీసుకురా. రాత్రి కంట్లో ఆయింట్‌మెంట్ వేసి రెప్పకు టేపు అంటించాలి, లేకపోతే నల్లగుడ్డు పుండవుతుంది. ఆ టేపు భర్త చేత వేయించు, క్షమాపణ మాట తీసెయ్. కొందరిలో నరం మళ్లీ పెరిగేటప్పుడు పోగులు దారి తప్పుతాయి. లాలాజలానికి పోవాల్సినవి కన్నీటి గ్రంథికి పోయి, అన్నం తింటుంటే కన్నీరు కారుతుంది. అది నిజంగా జరుగుతుంది, అయినా నీ కథకు అవసరమైతేనే వాడు.

మార్చిన ప్రతి పంపు. ఎడమా కుడీ సరిచూసుకుని పంపు.

ఆశీస్సులతో.