మంచి అబ్బాయిలు ప్రేమలో ఎందుకు వెనకబడిపోతారు?

ఎవరినీ నొప్పించకుండా, అడిగిందల్లా చేసిపెట్టే అబ్బాయిలను అమ్మాయిలు స్నేహితులుగానే ఎందుకు ఉంచేస్తారని మీరు అడిగారు. ఇదే ప్రశ్న మనసులో పెట్టుకుని నేనూ రెండేళ్లు కుమిలిపోయాను కాబట్టి నా అనుభవమే చెబుతాను.

ముందుగా, ఆడపిల్లలకు మంచితనం నచ్చదన్న మాట నిజం కాదు. డేవిడ్ బస్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 37 సంస్కృతులకు చెందిన 10,047 మందిని అడిగి 1989లో ప్రచురించిన అధ్యయనంలో, జీవిత భాగస్వామిలో కోరుకునే గుణాల్లో దయ, అర్థం చేసుకునే స్వభావం స్త్రీపురుషులిద్దరికీ పైవరసలోనే ఉన్నాయి.

నేను నెల్లూరులో బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకుంటున్న రోజుల్లో, మా బ్యాచ్‌లోనే చదువుతూ హాస్టల్లో ఉండే ఒక అమ్మాయితో స్నేహం కలిసింది. ఆమెకు నోట్సు జిరాక్స్ తీయించి ఇచ్చేవాణ్ణి, పండక్కి ఊరికి వెళుతుంటే ముందే ఆత్మకూరు బస్టాండుకు పోయి కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసి ఉంచేవాణ్ణి. ఎక్కడ తిందామన్నా, ఏ సినిమాకు పోదామన్నా నా జవాబు ఒక్కటే, "నీ ఇష్టం."

ఆ ఏడాది మొహర్రం నెలలో అందరం కలిసి బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండక్కి వెళ్లాం. స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తుంటే, కోరిక ఉన్నవాళ్లు ఫలానా రొట్టె అని పేరు పెట్టి అడిగి తీసుకోవడం అక్కడి ఆనవాయితీ. ఆమె "ఉద్యోగం రొట్టె ఎవరి దగ్గరుంది?" అని గట్టిగా అడిగి తీసుకుని, చున్నీ అంచు తడిసిపోతున్నా చూసుకోకుండా అక్కడే తినేసింది. "నీకేం రొట్టె కావాలి?" అని నన్నడిగింది. నాకు కావలసింది పెళ్లి రొట్టె. నోరు పెగలక, "ఏదైనా పర్లేదు" అన్నాను.

ఉద్యోగం వచ్చిన కొన్నాళ్లకు, తనతో పనిచేసే అబ్బాయిని పెళ్లి చేసుకోబోతున్నానని ఆమె ఫోన్ చేసి చెప్పింది. "నీకోసం ఇంత చేశాను గదా!" అనేశాను. కాసేపు అవతల మాట లేదు. తర్వాత, "ఎప్పుడన్నా అడిగినావా నువ్వు? అడిగుంటే అవుననో కాదనో చెప్పేదాన్ని గదా. ఇప్పుడు బాకీ వసూలు చేసేవాడి మాదిరి మాట్లాడతా ఉండావే!" అంది.

ఆ మాట మింగుడుపడడానికి నాకు చాలా కాలం పట్టింది. చేసిన ప్రతి పనినీ నేను లోలోపల పద్దు రాసుకుంటూనే వచ్చాను, ఆ పద్దు సంగతి ఆమెకు తెలియదు. ఒక అబ్బాయితో నాలుగుసార్లు కనిపిస్తే హాస్టల్లోనూ ఊళ్లోనూ ముందు మాటపడేది ఆడపిల్లే కాబట్టి, నన్ను నమ్మి తిరగడమే ఆమె వైపు నుంచి పెద్ద విషయం. నా మనసులో మాట ఆ విధంగా బయటపడేసరికి, అంతకుముందు నేను చేసిన సాయాలన్నీ ఆమెకు వేరే రంగులో కనపడి ఉంటాయి. పైగా మనిషి మీద మనసు పడాలంటే ఆ మనిషికి ఏది ఇష్టమో, దేనికి ఒప్పుకోడో కొంతైనా తెలియాలి. "నీ ఇష్టం" తప్ప ఇంకో మాట అనని నాలో ఆమెకు తెలుసుకోవడానికి ఏముంది? కాదంటుందేమోనన్న నా భయానికి నేనే మంచితనం అని పేరు పెట్టుకున్నాను.

మనసులో మాట అడిగేయాలన్నది నేను నేర్చుకున్న పాఠం, అలాగని వెంటపడమని మాత్రం అనుకోకండి. వద్దన్నాక కూడా వెంట తిరగడాన్ని 2013 నుంచి మన చట్టం నేరంగానే చూస్తోంది, చట్టం లేకపోయినా అది తప్పే.

తర్వాత ఒంగోలులో ఉద్యోగం చేస్తున్నప్పుడు నాతో పనిచేసే ఒకామె మీద ఇష్టం కలిగింది. ఈసారి మూడు నెలలు కూడా ఆగకుండా, "మీరంటే నాకు ఇష్టమండీ, మీకు లేకపోతే ఈ మాట మళ్లీ ఎత్తను" అని చెప్పాను. ఆమె రెండు రోజులు ఆలోచించుకుని వద్దన్నారు. ఆ నెలంతా నాకు అన్నం సయించలేదు, కానీ ఆమె మీద కోపం మాత్రం రాలేదు.