మోటారు పైకి తీయించే ముందు

పర్లాకిమిడి

అల్లుడూ,

మేడ మీద కుళాయిలో నీళ్లు దారంలా పడుతున్నాయని, ఎల్లుండి మిస్త్రీని పిలిచి బోరు మోటారు పైకి తీయిస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నాలుగు రోజులు ఆగు నాయనా.

మా ఇంట్లో ఇలాగే అయింది. వచ్చినతను ఒక్క కుళాయైనా తిప్పి చూడకుండా మోటారు పోయిందన్నాడు. నలుగురు కలిసి 200 అడుగుల పైపు లాగారు. లాగేటప్పుడు కేసింగ్, అంటే బోరుకి వేసిన బయటి గొట్టం, అంచుకి రాసుకుని కేబుల్ కోసుకుపోయింది. మోటారు మాత్రం నిక్షేపంలా ఉంది. సాయంత్రం నేనే ఫిల్టరు డబ్బా విప్పితే, లోపలి తెల్లటి దిండు ఇటుకరంగు బురద పట్టి గట్టిపడిపోయింది. వేలితో గీరితే ముద్దలుగా ఊడింది. అది తీసి పక్కన పెట్టగానే నీళ్లు ధారగా వచ్చాయి. అందుకే చెబుతున్నా, కుళాయి దగ్గర మొదలుపెట్టి బోరు వైపు వెళ్లు.

ఒక్క కుళాయే సన్నగా వస్తుంటే దాని మూతిలో జాలీ విప్పి కడుగు. కింద బాగా వచ్చి మేడ మీదే తక్కువైతే ఎత్తు లెక్క చూడు. 10 మీటర్ల ఎత్తుకి సుమారు ఒక కిలో ప్రెషర్, అంటే చదరపు సెంటీమీటరుకి ఒక కిలో ఒత్తిడి, పోతుంది. మీ మేడ మూడు మీటర్లే కాబట్టి పోయేది 0.3 కిలో, అంటే చదరపు అంగుళానికి నాలుగు పౌన్లు. అంతమాత్రానికి దారంలా పడవు.

తరవాత ప్రెషర్ ట్యాంకు, అంటే లోపలి గాలి ఒత్తిడితో నీళ్లని ఇంట్లోకి నెట్టే ట్యాంకు, దగ్గరున్న గేజి. రాత్రి అందరూ పడుకున్నాక కుళాయిలన్నీ కట్టేసి, మోటారు ఆగాక ముల్లు చూస్తూ కూర్చో. కదలకపోతే మంచిదే. దిగుతుంటే ఇంట్లోకి వెళ్లే వాల్వు కట్టేసి మళ్లీ చూడు. అప్పుడు ఆగిపోతే కారడం ఇంట్లోనే, చాలాసార్లు లెట్రిన్ ఫ్లష్ ట్యాంకులో. అప్పటికీ దిగుతుంటే తప్పు బోరు వైపు. ఎన్‌ఆర్‌వీ, అంటే నీళ్లు వెనక్కి బోరులోకి జారకుండా ఆపే వాల్వు, పట్టడం లేదో, పైపు జాయింటు కారుతోందో. పైపు లాగడానికి అదీ సరైన కారణం.

కుళాయి తిప్పగానే మోటారు టక్కున ఆన్, టక్కున ఆఫ్ అవుతోందా? అయితే ట్యాంకులో గాలి పోయింది. మెయిన్ ఆపి, నీళ్లన్నీ వదిలేసి, ట్యాంకుకి సైకిల్ ట్యూబుకి ఉన్నట్టుండే గాలి పిన్ను నొక్కి చూడు. నీళ్లు చిమ్మితే లోపలి రబ్బరు సంచి చిరిగినట్టే. గాలే వస్తే టైరు గేజితో కొలువు. మోటారు 20 పౌన్ల దగ్గర ఆన్ అయ్యేదైతే గాలి 18 ఉండాలి.

ఇప్పుడు ఎండలు ముదిరాయి, వంశధార నదిలో నీళ్లు తగ్గి ఇసుక బయటపడే రోజులు. బోరు మూతి దగ్గర 15 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతోందో పొద్దున, సాయంత్రం రాసుకో. మొదట బాగా వచ్చి, కాసేపటికి గాలితో కలిసి ఉమ్మినట్టు పడి, గంట ఆపాక మళ్లీ బాగా వస్తే తగ్గింది బోరులో నీళ్లే. అప్పుడు వెంటనే ఆపెయ్. ఆ మోటారుకి చల్లదనమిచ్చేది చుట్టూ ఉన్న నీళ్లే, ఖాళీగా తిరిగితే కాలిపోతుంది. సాయంత్రం పూటే బకెట్ ఆలస్యమైతే ఓల్టేజీ కూడా చూపించు. స్టార్టర్ పెట్టెలో కెపాసిటర్ జోలికి మాత్రం పోకు, కరెంటు తీసేసినా అందులో షాక్ ఉంటుంది. ఆ పని ఎలక్ట్రీషియన్‌ని చెయ్యనీ.

ముల్లు ఎక్కడ ఆగిందో, బకెట్ ఎంతసేపట్లో నిండిందో ఫోన్లో చెప్పు. ఆదివారం గుణుపురం బండికి వస్తాను, టైరు గేజి తెస్తాను. అంతవరకూ మీ అమ్మ చేత మేడ మీదకి బిందెలు మోయించకు, ఆవిడ మోకాళ్లు నీకు తెలుసుగా.

మావయ్య