పెళ్ళికి ముందు కాగితాలు సరిచూసుకో, పాపా

పాపా,

మీ అమ్మ ఫోన్‌లో అన్నీ చెప్పింది. అబ్బాయిది కొట్టాయం అని, సిరియన్ కాథలిక్ అని, శ్రీహరికోట షార్‌లో ఇంజనీరని, మాఘంలో ముహూర్తం చూస్తా ఉండారని. నాకు సంతోషమే. దాచిపెట్టకుండా ముందు ఇంట్లో చెప్పావు చూడు, అది నాకు ఇంకా నచ్చింది. అయితే చివర్లో మీ అమ్మ ఇంకో మాట అంది: అబ్బాయికి మన పేరు ఒకటి పెట్టి, గుళ్ళో తాళి కట్టించి, ఆ రసీదుతో రిజిస్టర్ చేయించేస్తే పనైపోతుందని ఎవరో చెప్పారంట. ఆ ఎవరో ఎవరో గానీ, వాడి మాట వినబాకండి.

ఇది మనవైపు కొత్తగా పుట్టిన తప్పు కాదు. ఎట్టా జరుగుతుందో చెప్తా విను. పంతులు గోత్రం అడుగుతాడు. అబ్బాయికి లేదంటే కాశ్యప గోత్రం అనుకోమంటాడు. అంతవరకు ఎవరికీ నష్టం లేదు, అది పీటల మీద చెప్పుకునే మాట. తర్వాత మాథ్యూ కాస్తా మహేష్ అవుతాడు. శుభలేఖలో మహేష్, గుడి రసీదులో మహేష్. రిజిస్ట్రేషన్ ఫారంలో మతం దగ్గర హిందూ అని రాస్తారు, కింద ఇద్దరూ సంతకం పెడతారు. సర్టిఫికెట్ చేతికొస్తుంది, ఫోటోలు దిగుతారు. అప్పుడంతా బాగానే ఉంటుంది.

హిందూ వివాహ చట్టం, 1955ది, ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా దాని కిందికే వస్తారు, క్రైస్తవులు రారు. 1996లో ఒక కాథలిక్ అబ్బాయి, ఒక హిందూ అమ్మాయి ఇట్టాగే గుళ్ళో తాళి కట్టుకుని, కొద్దిరోజులకే ఆ చట్టం కింద రిజిస్టర్ చేయించుకున్నారు. గొడవలొచ్చి కోర్టుకెక్కితే, మన హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా పోయింది. 2008 డిసెంబరులో తీర్పొచ్చింది: ఆ పెళ్ళి చెల్లదు. రిజిస్టర్ అయినంత మాత్రాన లేని పెళ్ళి ఉన్న పెళ్ళి కాదని. పన్నెండేళ్ళు చేతిలో పెట్టుకున్న సర్టిఫికెట్ అది.

గొడవల్లేని సంసారంలో కూడా అది బయటపడుతుంది. భర్తతో విదేశం పోవాలంటే వీసా ఆఫీసువాళ్ళు పాస్‌పోర్టు, పెళ్ళి సర్టిఫికెట్ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఒకదాంట్లో మాథ్యూ, ఒకదాంట్లో మహేష్. ఉద్యోగంలో నామినీ రాసేటప్పుడు, ఇంటి లోను తీసుకునేటప్పుడు, ఎవరికన్నా ఏదన్నా అయి ఆస్తి మార్చుకోవాల్సి వచ్చినప్పుడు, ప్రతిచోటా అదే ప్రశ్న. మతం తప్పు రాసి సంతకం పెట్టినందుకు తప్పుడు ప్రకటన కేసు వేరే. ఇదంతా ఎందుకు, ఎవరో ఒకరు మతం మారితే పోలా అంటారు కొందరు. నిజంగా నమ్మి మారితే అది వాళ్ళిష్టం. ఫారం నింపడం కోసం మారడానికి మాత్రం నేను ఒప్పుకోను, అబ్బాయైనా సరే, నువ్వైనా సరే.

మీకు సరిపడే దారి 1954 ప్రత్యేక వివాహ చట్టం. ఎవరి పేరు వాళ్ళది, ఎవరి మతం వాళ్ళది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మ్యారేజ్ ఆఫీసర్‌కు నోటీసు ఇవ్వాలి. ఇద్దరిలో ఒకరన్నా ఆ జిల్లాలో అంతకుముందు 30 రోజులు వరసగా నివాసం ఉండాలి. ఆధార్‌లో కావలి అడ్రసు ఉంది గదా అని కావలిలో ఇవ్వబాక. నువ్వు ఉండేది బెంగళూరులో. అబ్బాయి సూళ్ళూరుపేటలో ఉండాడు కాబట్టి అక్కడ ఇవ్వండి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఆ ఊరు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు పోయింది, నివాసం కాగితంలో జిల్లా పేరు పాతది ఉంటే ముందే మార్పించండి. ఫోటోలు, ఆధార్, వయసుకు టెన్త్ సర్టిఫికెట్, మామూలే.

నోటీసు ఆఫీసులో ప్రకటించిన రోజు నుంచి 30 రోజులు ఆగాలి. నోటీసు ఇచ్చి మూడు నెలలు దాటితే అది రద్దయి మళ్ళీ మొదటికొస్తుంది. ముహూర్తానికి రెండు నెలల ముందు ఇస్తే అటూ ఇటూ వెసులుబాటు ఉంటుంది. ఆ నోటీసు ఆఫీసు బోర్డు మీద అంటిస్తారు. ఒక కాపీ మీ ఇద్దరి సొంత జిల్లాలకు కూడా పంపుతారు, అంటే నెల్లూరుకు, కొట్టాయానికి. ఎవరన్నా అభ్యంతరం పెట్టొచ్చు గానీ, దానికి చట్టంలో ఉన్న కారణాలే పనికొస్తాయి: ఇదివరకే పెళ్ళయి భర్తో భార్యో ఉండటం, వయసు చాలకపోవడం, నిషిద్ధ వరస లాంటివి. మా మతం కాదు, మాకిష్టం లేదు అంటే కుదరదు. నా భయం అభ్యంతరాల గురించి కాదు. ఆ బోర్డు చదివినోడెవడో టీకొట్టు దగ్గర మీ నాయనకు చెప్పకూడదు. నోటీసు తేదీ మీ నాయనకు నీ నోటితో ముందే తెలియాలి. ఆయన కేకలేస్తాడు, వెయ్యనీ. ఆ రాత్రి అన్నం తినడు, మర్నాడు తింటాడు.

రిజిస్ట్రార్ దగ్గర పెళ్ళి అయ్యాక మండపంలో తలంబ్రాలు పోసుకోండి, కొట్టాయంలో చర్చికి పోండి, మీ ఇష్టం. కానీ ఏ ఫారంలో పెళ్ళి తేదీ అడిగినా సర్టిఫికెట్‌లో ఉన్న తేదీయే రాయాలి, శుభలేఖలోది కాదు.

చర్చి పెళ్ళికి ఇతర మతస్థురాలిని చేసుకుంటున్నందుకు అబ్బాయి బిషప్ అనుమతి తెచ్చుకోవాలి. అప్పుడు పిల్లల్ని కాథలిక్కులుగా పెంచడానికి తన శక్తికొద్దీ ప్రయత్నిస్తానని అతను మాటివ్వాలి, ఆ సంగతి నీకూ తెలియజేస్తారు. ఆ సంగతి చర్చిలో మొదటిసారి వినబాక. ఇప్పుడే కూర్చుని తేల్చుకోండి. ఇంకోటి, మాఘ ఫాల్గుణాల్లో మనకు ముహూర్తాలుంటే వాళ్ళకు సరిగ్గా ఆ రోజుల్లోనే తపస్సు కాలం, అంటే ఈస్టర్‌కు ముందు ఉపవాసాల రోజులు, మొదలవుతుంది, అప్పుడు మామూలుగా పెళ్ళిళ్ళు పెట్టుకోరు. రెండు క్యాలెండర్లూ పక్కన పెట్టుకుని చూడండి. మీ అమ్మతో చెప్పు, వాళ్ళలో కూడా తాళి ఉంది. మిన్ను అంటారు, సిలువ గుర్తున్న చిన్న బంగారు బిళ్ళ. అబ్బాయివాళ్ళు పెట్టే మంత్రకోడి చీరలోంచి లాగిన దారాలు పేని దానికి కడతారు. వింటే మీ అమ్మ సగం కుదుటపడుతుంది.

ఇక నీ పేరు. పెళ్ళయితే ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టంలోనూ లేదు. మార్చబాక అనే నా సలహా, అది పుట్టింటి మీద ప్రేమతో చెప్పేది కాదు. మనకు ఇంటిపేరు తరతరాలకు ఒకటే. వాళ్ళలో చాలామందికి పేరు పక్కన ఉండేది తండ్రి పేరు. మాథ్యూ వర్గీస్ అంటే వర్గీస్ వాళ్ళ నాయన పేరు. నువ్వు వర్గీస్ అని పెట్టుకుంటే మామగారి పేరు పెట్టుకున్నట్టు. రేపు బిడ్డ పుడితే వాళ్ళ పద్ధతిలో పక్కన మాథ్యూ వస్తుంది. ఒకే ఇంట్లో తల్లికి ఒకటి, బిడ్డకు ఒకటి. దానికోసం టెన్త్ నుంచి డిగ్రీ దాకా ఉన్న పేరు వదులుకుని ఏం బావుకుంటావు? పాస్‌పోర్టులో భర్త పేరు చేర్చుకోవచ్చు, నీ పేరు కదపనక్కర్లేదు. కాదు మార్చుకుంటానంటే, ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారని గుర్తుపెట్టుకో. ఆధార్, పాన్ ఒకటిగా ఉండాలి, ఆ తర్వాతే బ్యాంకు, పాస్‌పోర్టు.

నోటీసు ఇవ్వకముందే మీ ఇద్దరి పాస్‌పోర్టులు తీసి చూడండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరులోకి పోయి, పేరు దగ్గర ఎఫ్.ఎన్.యు., అంటే మొదటి పేరు తెలియదు అని పడుతుంది. నీ బ్యాంకు ఖాతాలో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉంటే బ్యాంకుది సరిచేయించు.

పిల్లల పేరుకు తొందర లేదు. పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయిస్తే చాలు, పేరు ఏడాదిలోపు ఫీజు లేకుండా చేర్చవచ్చు. ఆస్పత్రి బల్ల దగ్గర నర్సు అడిగిందని ఏదో ఒకటి చెప్పబాక.

ఆస్తి సంగతి మీ నాయన నోరు తెరిచి అడగడు, నేనే చెప్తా. క్రైస్తవుణ్ణి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుంటే నువ్వు ఉమ్మడి కుటుంబం నుంచి వేరుపడ్డట్టు లెక్క. వాటా పోదు, వేరుపడటమే. నీ సొంత ఆస్తికి ఇకమీదట భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది, దాని ప్రకారం పిల్లలుంటే భర్తకు మూడో వంతు, మిగతాది పిల్లలకు. వేరే విధంగా కావాలంటే వీలునామా రాసుకో. మీ తమ్ముడితో కూడా ఇది ఇప్పుడే మాట్లాడు.

రిజిస్ట్రార్ ముందు ముగ్గురు సాక్షులు కావాలి. ఒకడిగా నా పేరు రాసుకో, ఆధార్ జిరాక్సు దీనితోపాటు పెడతా ఉండా. రెండో సాక్షి అబ్బాయి తరఫు. మూడో సంతకం మీ నాయన్ని నువ్వే అడుగు, నా చేత అడిగించబాక.

మీ పెదనాయన
కావలి